క్రేవెన్ వీథిలోని యిటుకలయిల్లు

లండను నగరమున ఛేరింగుక్రాసు రైలుస్టేషనుకు ప్రక్కగా, స్ట్రాండు రాజమార్గమునుండి థేమ్సునదివైపు దిగిపోవు ఇఱుకువీథి యొకటి కలదు. దానికి క్రేవెన్ వీథి యని పేరు. ఆ వీథిలో 36వ నెంబరుగల యిల్లు చూపునకు మిక్కిలి సామాన్యమైనది. ప్రక్కయింటికిని దీనికిని నడుమ సందు లేదు; ఇరుప్రక్కల గోడలును ఇరుగుపొరుగువారితో ఉమ్మడి. ముందువైపున ఇటుకగోడ, పొడవైన కిటికీలు, వీథిమట్టమునకు దిగువగా నేలమాళిగ, మీద నాలుగంతస్తులు. సుమారు 1730 ప్రాంతమున కట్టబడిన యీ యింటినిగూర్చి మేమింత వ్రాయబూనుటకు కారణము దాని యందము కాదు. అమెరికాదేశ స్వాతంత్ర్యమునకై పాటుపడిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ నివసించిన యిండ్లలో నేటికిని నిలిచియున్నది ప్రపంచమున ఇదియొక్కటే. శిథిలమై కూలుటకు సిద్ధముగానున్న దీనిని బాగుచేయించి, ఆయన పుట్టి మున్నూఱేండ్లు నిండిన దినమున, అనగా 2006 జనవరి 17వ తేదీని, ప్రజలు చూచుటకై తెరచిరి.

పాతయింటిని బాగుచేయుట తాపీపనివాని పనియే యని మనము సాధారణముగా తలంతుము. ఇటుక, సున్నము, కొయ్య, కూలి యనువానితో ఆ లెక్క ముగియునని మన నమ్మకము. కాని యొక యిల్లు ఇన్నూటయెనుబదియేండ్లు నిలిచినచో దానిలో పదితరములవారు కాపురముండి, తమ తమ యవసరములకొలది గోడలు పొడిచియు, తలుపులు మూసియు, రంగులమీద రంగులు పూసియు నుందురు. దానిని బాగుచేయబోవువాడు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసియున్నది: ఏ కాలపు రూపమునకు బాగుచేయుట? ఎవరి యిల్లుగా బాగుచేయుట? ఈ ప్రశ్నకు క్రేవెన్ వీథిలోని నేల తానే యొక విచిత్రమైన రీతిని జవాబు చెప్పినది. ఆ సంగతికి వచ్చుటకు ముందు, ఇట్టి వరుసయిండ్లు ఎట్లు పుట్టినవో చెప్పవలయును.

1666వ సంవత్సరము సెప్టెంబరులో లండను నగరము నాలుగైదు దినములు తగులబడెను. 13,200 ఇండ్లును, 87 చర్చీలును భస్మమయ్యెను. అంతకు పూర్వము ఆ నగరమందలి యిండ్లలో చాలభాగము కొయ్యవి. పై యంతస్తులు వీథిమీదికి పొడుచుకొని వచ్చి యెదురింటితో తలలు కలుపుకొనుచుండెడివి. మఱుసటి సంవత్సరముననే శాసనము చేసిరి: ఇక గోడలు ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెను, వీథి వెడల్పునుబట్టి యిండ్లు నాలుగు తరగతులుగా నుండవలెను, ఒక్కొక్క తరగతికి ఉమ్మడిగోడ మందము ఇంత యని యిటుకల లెక్కను నిర్ణయించిరి. ఈ శాసనము ఆ పాతనగరమునకే. 1707లో చేసిన శాసనము వెస్టుమినిస్టరునకును వర్తించెను. దానిప్రకారము చూరుక్రింద కొయ్యపని కూడదు. గోడనే పైకప్పును దాటించి పిట్టగోడగా లేపవలెను. 1709లో కిటికీ చట్రములను గోడ ముఖమునుండి నాలుగంగుళములు లోనికి జరుపవలెనని మఱొక శాసనము వచ్చెను. మంట ఒక కిటికీనుండి మఱొక కిటికీకి ప్రాకకుండుటకే యిదియంతయు. నేడు మనము చిత్రములలో చూచి సొగసైనదని మెచ్చుకొను లండను వీథిరూపము సొగసునకై పుట్టినది కాదు, అగ్నిభయమునుండి పుట్టినది.

ఐనను ఈ యిండ్లు గట్టివి యనుకొనుట పొరపాటు. నేల యొక ప్రభువుది. ఆయన దానిని అమ్మడు. అరువది, తొంబది యేండ్ల కౌలున కిచ్చును. కట్టడపుపనివాడు కౌలు వ్రాయించుకొని, మొదటి సంవత్సరము పేరునకు ఒక మిరియపుగింజ చెల్లించి, ఆ లోపల గోడలు లేపి, కౌలును మఱొకనికి అమ్ముకొనును. గడువు తీరగానే యిల్లు నేలదొరదగును. ఇట్టిచోట ముత్తాతనుండి మునిమనుమని వరకు నిలుచునట్లు ఎవడు కట్టును? వీథివైపునకు కనబడు ఇటుకలు ఎంచి తెచ్చిన నాణెమైనవి. వాని సందులు సన్నన. వెనుక కనబడని వరుసలు వంకరటింకర యిటుకలు, దళసరి సున్నపుసందులు. వరుసలు సమముగా రానందున, లోపలి గోడకును వెలుపలి గోడకును బంధమువేయు అడ్డపుటిటుకలను సగమునకు విఱిచి, ముఖమున మాత్రము పూర్తి యిటుకలవలె కనబడునట్లు పెట్టుచుండిరి. ఒక గోడ యని మనము చూచునది నిజముగా రెండు గోడలు. నూఱేండ్లకు వెలుపలిది కడుపు ఉబ్బినట్లు ముందుకు వచ్చును. గోడలోపల బలమునకని పొడవున పొదిగిన కొయ్యదిమ్మెలు చెమ్మకు పుచ్చి, అవి పుచ్చినచోట గోడ క్రుంగును. ఈ రెండును తెలియనివాడు ఇట్టి యింటిని ముట్టకుండుటయే మేలు.

క్రేవెన్ వీథిలోని యీ యింటిని అద్దెగదుల యిల్లుగా నడిపినది మార్గరెట్ స్టీవెన్‌సన్ అను వితంతువు. ఈ మాటను మన చదువరులు ఒక్కక్షణము నిలిచి చదువవలెనని కోరుచున్నాము. భర్త పోయినపిదప ఆమె మూలగదిలో కూర్చుండలేదు. పుట్టినింటివారి దయకు ఎదురుచూడలేదు. ఇంటినే జీవనాధారముగా చేసికొని, కూతురిని చదివించి, దేశాంతరములనుండి వచ్చువారికి ఆశ్రయమిచ్చెను. 1757లో పెన్సిల్వేనియా ప్రజాప్రతినిధుల పక్షమున రాయబారిగా వచ్చిన ఫ్రాంక్లిన్ ఆమెయింట నాలుగు గదులు తీసికొనెను. నడుమ రెండేండ్లు స్వదేశమునకు పోయివచ్చుట తప్ప, 1775 వరకు ఆ కుటుంబముతోడనే కాలముగడపెను. ఆమె కూతురు మేరీ, ముద్దుపేరు పాలీ. ఆమెకు శాస్త్రవిషయములందు మిక్కుటమైన యాసక్తి. ఊరిలో లేనప్పుడు ఆమె ప్రశ్నలు వ్రాయుటయు, ఆయన ఉత్తరములలో పాఠములవలె జవాబులు వ్రాయుటయు జరుగుచుండెను. ఏ రంగు బట్ట ఎండవేడిని ఎక్కువగా గ్రహించును, సముద్రపు పోటుపాటులు నదులలోనికి ఎట్లు ప్రాకును మొదలగునవి ఆ యుత్తరములలోని విషయములు. ఆడుబిడ్డకు ఇంతచదువెందులకు అన్న ప్రశ్న ఆ వయస్సుమీరిన పెద్దమనుష్యునకు తోచినట్లే లేదు.

ఆయన యింటిని ఊరక వాడుకొన్నవాడు కాడు. తన గదిలోని పొగగొట్టము మంటవేడిమినంతయు మింటికి మోసికొనిపోవుచున్నదని గమనించి, దాని గొంతునకు అడ్డముగా ముందుకును వెనుకకును జరుపదగిన యినుపరేకును అమర్చెను. 1758లో ఒక మిత్రునికి దానినిగూర్చి వివరముగా వ్రాసెను. చలిదేశస్థులు చల్లగాలికి జడిసి కిటికీలన్నియు బిగించుకొనుచుండగా, ఈయన ప్రతిదినము ఉదయముననే లేచి, అరగంటయో గంటయో గదిలో దిసమొలతో కూర్చుండి గాలిస్నానము చేయుచుండెను! ఆయనయే 1768లో ఫ్రాన్సులోని వైద్యమిత్రునికి సంకోచములేక తెలియజేసిన సంగతి యిది. మూసిన గదిలో పలువురు విడిచిన గాలియే రోగములకు మూలమని ఆయన వాదము. మన యిండ్లలో బాలింతరాలిని కిటికీలేని గదిలో పడవేయు పెద్దలు ఈ మాటను ఆలకించదగును.

ఇంతవరకు చెప్పినది సంతోషముగా చెప్పుకొనదగిన భాగము. ఇక రెండవది. 1757లో ఫ్రాంక్లిన్ తోడను ఆయన కుమారుడు విలియముతోడను ఇద్దఱు బానిసలును ఆ గడప దాటి లోనికి వచ్చిరి. ఒకనిపేరు పీటరు; రెండవవాడు విలియము సేవకుడైన కింగు. యజమానులు ఊరిలో లేని సమయమున కింగు పాఱిపోయెను. సఫోకు మండలమున ఒక దొరసాని అతనిని చేరదీసి, బడికి పంపి, చదువను వ్రాయను నేర్పించి, ఫిడేలును కొమ్మువాద్యమును సయితము నేర్పించుచున్నదని ఫ్రాంక్లిన్ 1760లో తన భార్యకు వ్రాసెను. ఆ దొరసాని అతనిని తిరిగి యిచ్చివేయునో, లేక కొనుక్కొనునో యన్న ధోరణియే ఆ యుత్తరమున కనబడుచున్నది గాని, పాఱిపోవుటకు అతనికేమి కారణమన్న విచారము కనబడదు. ఈ మనుష్యుడే 1772లో, సోమర్‌సెట్టు అను బానిసను లండను న్యాయస్థానము విడిపించినప్పుడు, బానిసవ్యాపారమును నిందించుచు పేరులేకుండ ఒక పత్రికకు వ్రాసెను. 1787లో పెన్సిల్వేనియాలోని బానిసత్వనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790లో, తాను మరణించుటకు రెండునెలలముందు, ఆ యాచారమును తుదముట్టింపుడని అమెరికా శాసనసభకు పంపిన విజ్ఞప్తిపై వ్రాలుచేసెను. సంస్కర్తలు పుట్టుకతోనే సంస్కర్తలు కారు. గొప్పవారి చరిత్రలు వ్రాయునప్పుడు ఈ నడుమనున్న మెట్లను చెరిపివేయుట మన దేశమునందును అలవాటే. కాని ఆ మెట్లే కదా చదువరికి పనికివచ్చునవి.

పాలీ 1770లో విలియం హ్యూసన్ అను యువశస్త్రవైద్యుని వివాహమాడెను. రక్తము గడ్డకట్టు విధమును, జంతుశరీరములందు రసనాళముల వ్యాప్తిని పరిశోధించి, ఆతడు రాయల్ సొసైటీవారి కాప్లీ పతకమును అంతకుముందు సంవత్సరమే పొందియుండెను. తన గురువుతో పొత్తు చెడి 1772లో ఆతడు వేరుపడినప్పుడు, స్టీవెన్‌సన్ ఆ యింటిని అల్లునికి విడిచి, ఫ్రాంక్లినుతో కూడ అదే వీథిలోని మఱొక యింటికి మారెను. హ్యూసన్ ఇంటనే శరీరశాస్త్రపాఠశాల పెట్టి, శవములను కోసి విద్యార్థులకు బోధించుచుండెను. రెండేండ్లు గడువకముందే, కోతపనిలో చేతికి తగిలిన గాయము విషమించి, 1774 మే 1వ తేదీని మరణించెను. పాలీకి ఇద్దఱు చిన్నకుమారులు, కడుపులో మూడవబిడ్డ. తల్లివలెనే ఆమెయు అదే వీథిలో వితంతువయ్యెను. పిల్లలను తానే పెంచి, 1786లో అమెరికాకు పోయి, ఫ్రాంక్లిన్ తుదియూపిరి విడుచునప్పుడు ప్రక్కన నుండెను.

తరువాతి నూటయేబది యేండ్ల చరిత్రమును త్వరగా దాటవచ్చును. 1864లో రైలుస్టేషను వచ్చి ఆ పేటకు పొగయు రద్దియు తెచ్చెను; ఇల్లు బాటసారుల బసగా మాఱెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాంక్లిన్ పేర జ్ఞాపకఫలకము పెట్టదలచినవారు ఆయన కాలపు నెంబరును చూచి 7వ నెంబరు యింటికి తగిలించిరి. నడుమ వీథినెంబరులు మాఱినవని వారికి తట్టలేదు! లండను నగరపరిపాలక సభవారు సరియైన యింటిని గుర్తించి 1914లో 36వ నెంబరునకు ఫలకము పెట్టిరి. పిమ్మట ఇంగ్లండు ప్రభుత్వము దీనిని ప్రథమశ్రేణి రక్షితకట్టడముగా ప్రకటించెను. రక్షితమని కాగితముమీద వ్రాసినంతమాత్రమున వాన ఆగదు. ఇరువదవ శతాబ్ది కడపటికి ఇల్లు పాడువడి యుండెను.

ఇట్టి యింటిని మొదటినుండి కడవరకు బాగుచేయు క్రమమును కొంచెము విరివిగా చెప్పెదము. తొలిపని పగులగొట్టుట కాదు, చూచుట. ఏ దూలము ఎటువైపు పోవుచున్నది, ఏ పగులు పాతది, ఏది క్రొత్తది, తడి పైనుండి దిగుచున్నదా, నేలనుండి ఎక్కుచున్నదా యని గదిగదికి వ్రాసికొనవలెను. పగులు మీద గాజుపలుకను అంటించి కొన్ని నెలలు విడిచిన, గోడ యింకను కదలుచున్నచో ఆ గాజు చిట్లును. తొందరపాటువానికి ఈ నెలలు వ్యర్థమని తోచును. వరుసయింటికి ఇంకొక చిక్కు గలదు. తనగోడ తనది కాదు. నడిమియింటి దూలమును విప్పిన ప్రక్కయింటి గోడ వంగును. వరుసలోని యిండ్లు భుజము భుజము ఆనించుకొని నిలుచున్న ముదుసలులవంటివి. అందుచేత ఇంగ్లండులో ఉమ్మడిగోడను ముట్టుటకు ముందు పొరుగువానికి నోటీసు ఇచ్చి తీరవలెనని శాసనము గలదు. 1996లో చేసినది దేశమంతటికిని వర్తించును. మన యగ్రహారముల వరుసయిండ్లలో ఉమ్మడిగోడ తగవులతో అన్నదమ్ములు కోర్టులకెక్కుట ఎఱిగిన మనకు ఈ శాసనముయొక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

చూచుట ముగిసిన పిమ్మట ఊతకొయ్యలు పెట్టి ఇంటిని నిలబెట్టుదురు. ఆపైన కప్పు పని. లోపల ఎంత చక్కబెట్టినను కప్పు కారినచో నంతయు బూడిదలో పోసిన పన్నీరే. ఇందాక చెప్పిన పిట్టగోడయే ఇక్కడ శత్రువు. అగ్నినుండి కాపాడుటకు లేపిన ఆ గోడ వెనుక వాననీటికాలువ దాగియుండును. దానిలో పఱచిన సీసపురేకు ఎండకును చలికిని సాగి చీలును. ఆకులు పడి మూసికొనును. నీరు నిలిచి గోడతలలోనికి దిగి, దూలముల కొనలను ఏండ్లతరబడి పుచ్చజేయును. దూలము నడుమ ఇనుమువలె గట్టిగానుండి, గోడలో దూరిన జానెడు కొన మాత్రము పొడియై రాలుట ఇట్టి యిండ్లలో నిత్యము చూచునది. తెలియనివాడు దూలమంతయు తీసి పాఱవేసి క్రొత్తది వేయును. తెలిసిన వడ్రంగి పుచ్చినంతమేర కోసి, అదేజాతి కొయ్యతో అతుకువేసి, మిగిలినదానిని బ్రదికించును. నేలపలకలను ఒక్కొక్కటిగా నెంబరువేసి తీసి, తిరిగి ఆ చోటనే పఱచును.

తరువాత గోడ. ఇక్కడనే ఇరువదవ శతాబ్దివారు ఘోరమైన తప్పు చేసిరి. పాతగోడ సున్నముతో కట్టినది. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా గట్టిపడును. గట్టిపడియు ఇటుకకంటె మెత్తగానే యుండును. గోడ కొంచెము కదలినను అది సర్దుకొనును. వానకు ఇటుక త్రాగిన నీరు ఆ సున్నపుసందులగుండా వెలికి వచ్చి ఆఱిపోవును. 1824లో జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లెండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. కాలక్రమమున అది చవుకయు సులభమును అయ్యెను. పాతయిండ్ల సందులను గీకి సిమెంటు కూరిరి. సిమెంటు ఇటుకకంటె కఠినము, నీటిని పోనీయదు. సందులు మూసికొనగా చెమ్మ ఇటుకగుండానే వెలికిరావలసివచ్చును. శీతకాలమున ఆ నీరు గడ్డకట్టి, ఇటుక ముఖము పెచ్చులుపెచ్చులుగా ఊడిపడును. గోడకు మేలుచేయుచున్నామని దాని గొంతు నొక్కిరి. కావున నేడు బాగుచేయువారు ఆ సిమెంటును ఉలితో ఓపికగా తొలగించి మరల సున్నమునే పూయుచున్నారు. రెండు పొరలుగా విడిపోయిన గోడను తుప్పుపట్టని ఉక్కుకమ్ములతో కుట్టుచున్నారు.

మనదేశమున మంచు గడ్డకట్టదుగదా యని ఊరడిల్లరాదు. ఎద్దు గుండ్రముగా తిరుగుచు రాతిచక్రముతో నూరిన గానుగసున్నమున, కరక్కాయనీరును బెల్లపునీరును కలిపి మన పెద్దలు కట్టిన గోడలకు సిమెంటు పూసినచోట నేమగుచున్నదో చూడుడు. రెండు వానకాలములు గడువక ముందే అడుగున చౌడెక్కి, పూత పొక్కి, అట్టలుగా రాలుచున్నది. రంగు మార్చియు, మరల సిమెంటు పూసియు, గృహయజమాని ఏటేట డబ్బు పాఱవేయుచున్నాడు. ఈ వ్యాసమునుండి చదువరి ఒక్క పనికివచ్చు మాటను మాత్రమే పట్టుకొనదలచిన, ఇదియే యని మా మనవి: సున్నపుగోడకు సున్నమే మందు.

కప్పును గోడలును చక్కబడినగాని లోపలిపనికి పోరాదు. పొగగొట్టములను మసి తీసి, విఱిగిన నడిమిగోడలను సరిచేయవలెను. మెట్లవరుస ఒకవైపు ఒరిగియుండును. దానిని నిటారుగ చేయబోయిన విఱుగును. ఇక ఒరగకుండ క్రిందనుండి ఊతమిచ్చి, ఒరిగినంతమట్టుకు దానిని అట్లే యుండనీయవలెను. సన్నపు కొయ్యబద్దలు కొట్టి సున్నముపూసిన లోకప్పు ఊగుచున్నచో పైనుండి పట్టించవలెనే గాని క్రిందికి లాగిపడవేయరాదు. గోడలకు తాపిన చెక్కపలకలమీద రంగులు పొరలుపొరలుగా నుండును. ఒక మూల చిన్నకత్తితో గోటియంతమేర గీకి చూచిన, ఏ తరమువారు ఏ రంగు వేసికొనిరో పుస్తకపుపుటలవలె తెలియును. అంతయు నొక్కసారి గీకివేసినవాడు ఆ పుస్తకమును తగులబెట్టినవాడే. 1877లో విలియం మారిసు మొదలగువారు ప్రాచీనకట్టడముల రక్షణసంఘమును స్థాపించి చేసిన వాదము సరిగా ఇదియే: పాతదానిని మొదటిరూపమునకు తెత్తుమని తరువాతివారి పనినంతయు గీకివేయుట రక్షణము కాదు, నాశనము, అనుదినము శ్రద్ధతో చిన్నచిన్న మరమ్మతులు చేయుచు ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటయే రక్షణము. క్రేవెన్ వీథిలో నేలపలకలను, లోకప్పులను, మెట్లవరుసను, చెక్కపలకలను వీలైనంతవఱకు పాతవానినే నిలిపియుంచుట ఈ మార్గమును బట్టియే.

ఆ పనులు మొదలైన దినములలో, 1998 ప్రాంతమున, నేలమాళిగయందు త్రవ్వుచున్న పనివారికి మనుష్యుని తొడయెముక యొకటి కనబడెను. పోలీసువారికిని, మరణవిచారణాధికారికిని తెలియజేసిరి. ఎముక నూఱేండ్లకు మించిన ప్రాతదని తేలినందున నేరవిచారణ లేకపోయెను. శాస్త్రజ్ఞులు వచ్చి త్రవ్విరి. మీటరు వెడల్పు, మీటరు లోతుగల ఒక్క గోతిలో 1,200లకు మించిన యెముకతునకలు బయటపడెను. లెక్కింపగా కనీసము పదునైదుగురివి. వారిలో పసిబిడ్డలును గలరు. కొన్ని ఱంపముతో కోసినవి. కపాలములలో గుండ్రని రంధ్రములు. మృగముల యెముకలును, వానితో పాదరసపు జాడలుగల తాబేటి యెముకలును దొరకెను. తాబేటి రసనాళములలోనికి పాదరసము నెక్కించి చూపినవాడు హ్యూసనే. పాఠశాలలో పాఠమునకు పనికివచ్చి పిదప ఎచ్చటను పూడ్చుటకు వీలులేని దేహముల శేషములు ఆ గోతిలోనివని స్పష్టమాయెను.

ఆ దేహములెట్లు వచ్చినవి? 1752లో చేసిన శాసనము హత్యచేసి ఉరితీయబడినవారి శవములను శస్త్రవైద్యులకు ఇమ్మనెను. అవి చాలక, రాత్రులయందు శ్మశానములలో బీదల గోతులు త్రవ్వి శవములను అమ్ముకొనువారొక తెగ బయలుదేరిరి. ధనవంతుల సమాధులకు కావలివారును, ఇనుపకమ్ములును ఉండెడివి. ఈ దురాచారము 1832 శాసనమువరకు సాగెను. ఆ శాసనము సయితము అనాథశరణాలయములలో దిక్కులేక చచ్చినవారి దేహములనే వైద్యవిద్యకు అప్పగించెను. రక్తమునుగూర్చియు రసనాళములనుగూర్చియు నేడు మనకు తెలిసినదానిలో కొంత ఆ దిక్కులేనివారి ఋణము. విద్య గొప్పదే; హ్యూసన్ దానికై తన ప్రాణమునే యిచ్చెను. ఆతనికి పతకము గలదు, పుస్తకములందు పేరు గలదు. గోతిలోని పదునైదుగురికి పేరులు లేవు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఆ యింటిని ఫ్రాంక్లిన్ పేరనే బాగుచేసిరి, ధనము ఆయన పేరనే వచ్చెను, తప్పుపట్టుటకు లేదు. ఆయన పేరు లేకున్న 36వ నెంబరు నేడు నేలమట్టమై యుండెడిది. కాని ఆ గోతిని మూసి, మీద సున్నము పఱచి, ఊరకుండుటకు వారికి వీలుండెను. అట్లు చేయలేదు. ఎముకలలో కొన్నిటిని అద్దపుపెట్టెలో నుంచి ఆ యింటనే చూపుచున్నారు. ఇల్లు చూపించు పద్ధతియు మాకు నచ్చినది. ఫ్రాంక్లిన్ వేషగాడు వచ్చి ఉపన్యసింపడు. పాలీ వేషము ధరించిన నటి గదినుండి గదికి నడిపించుచు, తన తల్లియింటి కథగా చెప్పును. ఒక వితంతువు నడిపిన యింటిని ఆమె కూతురినోట వినిపించుట న్యాయమే.

మన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి యిల్లును స్మారకముగా కాపాడుచున్నారు. 1881 డిసెంబరు 11వ తేదీని ఆయన తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు, వెలికి జడిసి వంటవారును నీళ్లు తెచ్చువారును రాకపోగా, రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీరు మోసి వంటచేసిరి. ఆ యింటికి పోవువారు బల్లను, పుస్తకములను చూచి తిరిగివత్తురు. వంటయిల్లు ఏదని అడుగువారు ఎందఱో మేమెఱుగము గాని, అడుగవలసినది అదియే యని మా యభిప్రాయము.

క్రేవెన్ వీథిలో మిగిలిన పాతవస్తువులన్నిటిలో మాకు ముఖ్యమని తోచునది మెట్లవరుస. ఫ్రాంక్లిన్ ముసలితనమున వ్యాయామమునకై మెట్లెక్కుచు దిగుచుండెడివాడు. చదునునేలమీద ఐదుమైళ్లు నడచుటకంటె మెట్లమీద ఒక మైలు నడచుట ఎక్కువ శ్రమ యని 1772లో కుమారునికి వ్రాసెను. స్టీవెన్‌సన్ దొరసాని తాళపుచెవుల గుత్తితో ఎక్కినవి ఆ మెట్లే. పనికత్తెలు వేకువను బొగ్గులబుట్టలతోను వేడినీళ్లతోను పైయంతస్తులకు ఎక్కి, బూడిదతోను మురికినీళ్లతోను దిగినవి ఆ మెట్లే. పీటరు యజమాని బట్టలతో ఎక్కినవియు, ఒకనాడు ఇంట నెవ్వరును లేని వేళ కింగు దిగిపోయినవియు ఆ మెట్లే. మరమ్మతు చేసినవారు ఆ మెట్లవరుసను మార్చలేదు.